గిద్యోను కథను లోపలి భయం వైపు నుండి చదవడం

బైబిలులోని యుద్ధ కథలను మన లోపలి భయంపై గెలుపుకు గుర్తులుగా చదవవచ్చా, అలా చదివితే వాక్యాన్ని వక్రీకరించినట్లు కాదా అని మీరు అడిగారు. చదవవచ్చుననే నా నమ్మకం. మూడవ శతాబ్దంలోనే ఓరిగెన్ అనే క్రైస్తవ బోధకుడు యెహోషువ గ్రంథంపై చేసిన ప్రసంగాలలో కనాను యుద్ధాలను మనిషి తన లోపలి పాపాలతో చేసే పోరాటంగా వివరించాడు.

నాకు ఈ సంగతి న్యాయాధిపతుల గ్రంథం 6, 7 అధ్యాయాలలో బోధపడింది. మాది దేవరకొండ వైపు పల్లె. బోర్లు ఎండి, పత్తి దెబ్బతిని, అప్పు మీద మిత్తి పెరిగిన కాలంలో ఫోను మోగితే నా చేతులు చల్లబడేవి. అప్పిచ్చినాయన బండి చప్పుడు వినిపిస్తే దొడ్డివైపు వెళ్ళిపోయేవాణ్ణి. ఇశ్రాయేలీయుల పంటను పాడుచేసే శత్రువులైన మిద్యానీయులకు కనబడకుండా తన గోధుమలను తానే ద్రాక్షగానుగ చాటున దుళ్లగొట్టుకుంటున్న ఇశ్రాయేలీయుడు గిద్యోనును ఆ రోజుల్లో చదివినప్పుడు, ఆ మనిషి మా ఊరివాడే అనిపించింది.

అందరూ గిద్యోను 300 మందితోనే మిద్యానీయులను గెలిచిన సంగతి చెబుతారు గాని, నన్ను ఆపింది ఆ రాత్రే ఆ గెలుపుకు ముందు జరిగిన సంగతి. 32,000 మందిలో భయపడిన 22,000 మందిని ఇంటికి పంపించిన దేవుడే, శత్రువుల దండులోకి దిగడానికి భయమైతే పనివాడైన పూరాను వెంటబెట్టుకొని వెళ్ళమని గిద్యోనుతో చెప్పాడు. భయపడుతున్న నాయకుణ్ణి మందలించకుండా తోడిచ్చి పంపిన ఆ మాట చదివాకే నేను మా బామ్మర్దిని తీసుకొని అప్పిచ్చినాయన ఇంటికి వెళ్ళాను. ఆయన అరుగు మీద లెక్కల పుస్తకం విప్పి అసలెంతో, మిత్తెంతో విడివిడిగా చూపించి, పత్తి ఏరిన తరువాత కొంత కట్టడానికి ఒప్పుకున్నాడు. అప్పు తీరలేదు, కాని ఆనాటి నుండి ఫోను ఎత్తగలిగాను.

అయితే ఎదుటి మనిషిని మిద్యానీయునిగా చూడటం మొదలైతే ఈ చదువు దారి తప్పినట్లే. మన పోరాటం రక్తమాంసాలు గలవారితో కాదని ఎఫెసీ పత్రిక 6:12 స్పష్టంగా చెబుతోంది. 8వ అధ్యాయంలో గిద్యోను తనకు సాయం చేయని సుక్కోతు ఊరి పెద్దలను ముండ్లతో శిక్షించి, పెనూయేలు ఊరి మనుషులను చంపించిన ఘట్టాన్ని కూడా నేను గుర్తుగా మార్చుకోను. అక్కడ బాధపడినవారు మనుషులే కాబట్టి, ఆ భాగాన్ని ఉన్నది ఉన్నట్లుగా, బరువైన మనసుతోనే చదువుతాను.