మాల్పీజియన్ నాళికల మీద రాసే ముందు

అనంతపురం

చి. శైలజకు, ఆశీస్సులు.

నీ వ్యాసం అందింది. అమీబా నుంచి నక్షత్ర చేప దాకా విసర్జకాంగాలన్నీ వరుసగా పేర్చావు. పరీక్షకు సరిపోతుంది గానీ, చదివేవాళ్లను పట్టి కూర్చోబెట్టదు. ఒక్క అవయవాన్ని, అంటే కీటకాల్లో మూత్రం తయారుచేసే మాల్పీజియన్ నాళికలను, పూర్తిగా చెప్పు. పట్టుపురుగుతో మొదలుపెట్టు. హిందూపురం, మడకశిర వైపు చాలామంది దాన్ని మేపినవాళ్లే.

నాలుగో జ్వరం (పొర విడవడం) దాటి, ఆకు మేసి పండిన పురుగు గూడు కట్టే ముందు కడుపు ఖాళీ చేస్తుంది. చివరి మెత్తటి మలంతో పాటు మూత్రమూ పోస్తుంది. ఆ తేమ గదిలోనే నిలిస్తే గూడు సరిగ్గా ఆరదు, రీలింగులో, అంటే గూటి నుంచి దారం తీసేటప్పుడు, అది తెగుతుంది. అందుకే పురుగులు గూళ్లు కట్టే తడికలను, చంద్రికలను, గాలాడే చోట నిలబెడతారు. రైతుకు తెలిసిన ఆ తడి ఎక్కణ్ణుంచి వచ్చిందో చెప్పడమే నీ వ్యాసం పని.

ఇటలీ వైద్యుడు మార్చెల్లో మాల్పీజి 1669లో పట్టుపురుగు మీద వెలువరించిన గ్రంథంలోనే ఈ నాళికల వర్ణన ఉంది. పట్టుపురుగులో ఇవి ఆరు, అమెరికన్ బొద్దింకలో వందకు అటూ ఇటూ. ఇవి "రక్తాన్ని వడపోస్తాయి" అని రాశావు, ఆ వాక్యం కొట్టెయ్. మన మూత్రపిండంలో రక్తపు ఒత్తిడి ద్రవాన్ని నెడుతుంది. కీటకంలో అంత ఒత్తిడి ఉండదు. నాళిక గోడలోని కణాలు శక్తి ఖర్చుపెట్టి పొటాషియం అయాన్లను లోపలికి పంపుతాయి. వాటి వెంట క్లోరైడ్, నీరు వస్తాయి. యూరేట్లు (యూరిక్ ఆమ్లపు లవణాలు) కూడా చేరతాయి. ఆ ద్రవం మధ్యాహారనాళం, అంత్యాహారనాళం కలిసే చోట పేగులో పడుతుంది. తర్వాత పేగు చివరి భాగమైన పురీషనాళం నీటినీ పనికొచ్చే లవణాలనూ వెనక్కి తీసుకుంటే, యూరిక్ ఆమ్లం గట్టిపడి మలంతో పోతుంది. కాబట్టి నాళికను పురీషనాళంతో కలిపే చెప్పాలి, విడిగా చెబితే సగమే చెప్పినట్టు.

నీళ్ల లెక్క తప్పక ఇవ్వు. ఒక గ్రాము నత్రజనిని అమ్మోనియాగా వదిలించుకోవాలంటే సుమారు 300 నుంచి 500 మిల్లీలీటర్ల నీరు కావాలి. యూరిక్ ఆమ్లంగా అయితే 10 మిల్లీలీటర్లు చాలు. కరువు తెలిసిన మన పాఠకుడికి ఇది వెంటనే తగులుతుంది.

నాళికల కొసలు ఎప్పుడూ రక్తంలో తేలుతుంటాయన్నావు. బొద్దింకలో నిజమే. మేత మేసే పట్టుపురుగులో మాత్రం ఆ కొసలు పురీషనాళం గోడలో కూరుకుని ఉంటాయి.

బొమ్మ చూసి రాయకు, కోసి చూడు. బొద్దింకను క్లోరోఫాంతో చంపి, రెక్కలూ కాళ్లూ కత్తిరించి, మైనం పళ్లెంలో వీపు పైకి ఉండేలా పిన్నులు గుచ్చు. లీటరు నీటికి 7.5 గ్రాముల ఉప్పు కలిపి, బొద్దింక మునిగేదాకా పొయ్. పొడిగా కోస్తే నాళికలు పేగుకు అంటుకుపోయి కనిపించవు. కత్తెర మొన పైకెత్తి పట్టి, రెండు పక్కల అంచుల వెంట కోసి వీపు పలకలు తీసెయ్. తెల్లటి కొవ్వును మెత్తటి కుంచెతో జరుపు. పట్టకారుతో లాగితే నాళికలూ తెగొస్తాయి. మెరిసే తెల్లని గొట్టాలు గాలి తీసుకెళ్లే వాయునాళాలు, వాటిని చూసి మోసపోకు. మసక పసుపు రంగులో, సన్నని పోగుల కట్టలుగా ఉండేవే నీకు కావలసినవి. తాజాగా కోస్తే అవి ఉప్పునీటిలో మెలికలు తిరగడం కూడా చూడొచ్చు.

మిగతా జీవులను ఒక్క పేరాలో ముగించు. రొయ్యకు స్పర్శశృంగాల (మీసాల) మొదట్లో గ్రంథులున్నా, నత్రజని ఎక్కువగా మొప్పల నుంచే అమ్మోనియాగా పోతుంది. తేలు, సాలీడు ప్రధానంగా గ్వానిన్ అనే నత్రజని పదార్థాన్ని విసర్జిస్తాయి. వేరుశనగ మీద చేరే పేనుబంకకు అసలు ఈ నాళికలే లేవు, అందుకని "అన్ని కీటకాల్లో" అన్న మాట తీసెయ్. వానపాము సంగతి ఇంకో వ్యాసానికి ఉంచుకో, దానికి తగినంత సరుకుంది.

సవరించిన ప్రతితో పాటు నువ్వు గీసిన బొమ్మా పంపు. నాళికలు పేగులోకి తెరుచుకునే చోటును బాణంతో గుర్తించు.