స్టెనో రిజల్ట్ ఇంకా రాలేదు, ఇంట్లో రోజూ అదే ప్రశ్న

ప్రశ్న: మాది విశాఖ గాజువాక. ఎస్సెస్సీ (స్టాఫ్ సెలక్షన్ కమిషన్) స్టెనోగ్రాఫర్ గ్రేడ్ డి స్కిల్ టెస్ట్, అంటే చెప్పింది షార్ట్‌హ్యాండ్‌లో రాసుకుని టైప్ చేసే పరీక్ష, ఇంగ్లీషులో రాశాను. డిక్టేషన్ మధ్యలో ఒక లైన్ పోయింది, ఇంట్లో చెప్పలేదు. పోర్టులో క్లర్కుగా రిటైరైన నాన్న రోజూ "వచ్చిందా" అంటారు, ఈసారి కాకపోతే సంబంధాలు చూస్తారట. రాత్రిళ్ళు తప్పులు లెక్కపెట్టుకుంటూ పడుకుంటున్నా, నిద్ర రావట్లేదు.

జవాబు: అమ్మా, ముందు ఆ లెక్క ఆపేయ్. నీ దగ్గర చదివిన ప్యాసేజీ లేదు, నువ్వు టైప్ చేసిందీ లేదు, మరి దేన్ని చూసి లెక్కపెడుతున్నావ్? వదిలేసిన ప్రతి మాటా ఫుల్ మిస్టేకే, అంటే పూర్తి తప్పు కిందే లెక్క, నిజమే, కానీ ఎన్ని తప్పుల దాకా ఒప్పుకోవాలనేది కమిషన్ చూసుకుంటుంది, పైగా స్కిల్ టెస్ట్ క్వాలిఫై అయితే చాలు, మెరిట్ అంతకుముందు కంప్యూటర్ మీద రాసిన పరీక్ష మార్కులతోనే. 10 నిమిషాల్లో 800 మాటలు, మధ్యలో లైన్ పోయినా చెయ్యి ఆపకుండా మళ్ళీ అందుకున్నావు చూడు, అది చిన్న సంగతి కాదు.

నా బెంగంతా నాన్నగారి గురించే. విషయం దాచావు కాబట్టి ఆయన "వచ్చిందా" అన్నప్పుడల్లా నిలదీస్తున్నట్టుంది నీకు. కానీ ఆఫీసులో అన్నేళ్ళు చేసినాయన, సారు గడగడా చెప్పుకుపోతుంటే స్టెనోలు ప్యాడ్ మీద గీయడం చూసే ఉంటారు, మీ ఇంట్లో ఈ కష్టం తెలిసేది ఆయనకే. రేపు పొద్దున కాఫీ టైంలో చెప్పేయ్, "నాన్నా, ఒక లైన్ పోయింది, భయంగా ఉంది" అని, అంతే. కోప్పడితే పడనీ, రిజల్ట్ రోజు తెలిసేకన్నా నయం.

తర్వాత ఇంగ్లీషు పేపర్ ఆయన చేతికిచ్చి డిక్టేషన్ చెప్పమను. ఎడిటోరియల్లో 20 మాటలకో గీత పెట్టివ్వు, గీతకీ గీతకీ మధ్య 15 సెకన్లు, గడియారం చూస్తూ చదవమను, మొదట్లో తడబడతారు, పర్లేదు. రిజల్ట్ ఎలా వచ్చినా నీ స్పీడ్ పోకూడదు, ప్రాక్టీస్ ఆపితే పిట్‌మన్ షార్ట్‌హ్యాండ్‌లో సన్నగీత పి ఏదో లావుగీత బి ఏదో నీ రాత నీకే తెలీకుండా పోతుంది.

పెళ్ళి మాట అదేరోజు ఎత్తకు. అమ్మతో విడిగా కూర్చుని, రిజల్ట్ వచ్చేదాకా ఆగమను, ఇంకోసారి రాయాలనుంటే అదీ ఇప్పుడే చెప్పు.

సైట్ రోజుకోసారి చూస్తే చాలు, పడుకునే ముందు మాత్రం వద్దు. అప్పటికీ నిద్ర పట్టకపోతే చినవాల్తేరు ప్రభుత్వ మానసిక వైద్యశాలకి వెళ్ళు, వెళ్ళడానికి మొహమాటమైతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కి ఫోన్ చెయ్, డబ్బులేం పడవు, తెలుగులోనే మాట్లాడొచ్చు.