పక్క క్లినిక్ బోర్డు మీద ‘క్లినికల్ సైకాలజిస్ట్’: కేసు పెట్టేదెవరు?

ప్రశ్న: ఎంఫిల్ చేసి గుంటూరులో క్లినికల్ సైకాలజిస్టుగా ప్రాక్టీసు చేస్తున్నాను. మా వీధిలో ఒకాయన కౌన్సెలింగ్‌లో షార్ట్‌టర్మ్ కోర్సు చేసి, ‘క్లినికల్ సైకాలజిస్ట్’ అని బోర్డు పెట్టి, సదరం క్యాంపుకు తీసుకెళ్లే పిల్లలకు ఐక్యూ రిపోర్టులు రాసిస్తున్నారు. పది నెలలుగా చూస్తున్నాను. పోలీసులు పట్టించుకోలేదు. బోర్డు ఫొటో ఫేస్‌బుక్‌లో పెట్టి ‘నకిలీ’ అని రాసేయమంటారా? నా ఆర్‌సీఐ (భారత పునరావాస మండలి) రిజిస్ట్రేషన్ రెన్యువల్ కూడా పెండింగ్‌లో ఉంది.

జవాబు: మీ ఉత్తరంలో చదువు కష్టాల గురించి రాసిన రెండు పేజీలతో కోర్టుకు పనిలేదు. ఈ కేసు తేలేది ఒక్క దగ్గరే: ఫిర్యాదు ఎవరు చేయాలి? భారత పునరావాస మండలి చట్టం, 1992లోని 13వ సెక్షన్ ప్రకారం, గుర్తింపు ఉన్న అర్హతతో మండలి సెంట్రల్ రిజిస్టర్‌లో పేరు లేనివారు క్లినికల్ సైకాలజిస్టుగా ప్రాక్టీసు చేయకూడదు. చేస్తే ఏడాది వరకు జైలు, లేదా వెయ్యి రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. కానీ మండలి అధికారమిచ్చిన వ్యక్తి రాతపూర్వకంగా ఫిర్యాదు చేస్తేనే కోర్టు దీన్ని విచారణకు తీసుకుంటుంది. మీరు స్టేషన్ చుట్టూ తిరిగిందంతా వృథా.

పైగా ఏడాది శిక్ష ఉన్న నేరాన్ని కోర్టు విచారణకు తీసుకునే గడువు కూడా, నేరం జరిగినప్పటి నుంచి ఏడాదే. ప్రాక్టీసు సాగినంత కాలం నేరం సాగుతున్నట్టేనని వాదించవచ్చు. ఆ వాదన మీద ఆధారపడే పరిస్థితి తెచ్చుకోకండి, ఆయన రాసిన తాజా రిపోర్టు సంపాదించండి.

ఆధారం విషయానికొస్తే, బోర్డు ఒక్కటే చాలదు. ఆయన సంతకం, ‘క్లినికల్ సైకాలజిస్ట్’ అన్న రబ్బరు స్టాంపు, తేదీ ఉన్న ఐక్యూ రిపోర్టు కాపీ కావాలి. ఇష్టపడి ఇచ్చే తల్లిదండ్రుల దగ్గరే తీసుకోండి, ఫీజు రసీదుతో సహా. ఫోన్లో తీసిన ఫొటోలకు భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ సర్టిఫికెట్ (ఎలక్ట్రానిక్ ఆధారానికి ఇచ్చే ధ్రువీకరణ) జతచేయాలి. ఆయన పేరు రిజిస్టర్‌లో ఉందో లేదో పది రూపాయల ఆర్టీఐ దరఖాస్తుతో మండలినే అడగండి. మండలి ముద్రతో వచ్చే జవాబు మీ స్క్రీన్‌షాట్ కంటే బలమైనది. అవన్నీ కలిపి ఢిల్లీలోని మండలి మెంబర్ సెక్రటరీకి స్పీడ్ పోస్టులో ఫిర్యాదు పంపి, రసీదు దాచుకోండి. బోర్డు మీద, రిపోర్టుల మీద ‘కౌన్సెలర్’ అని మాత్రమే ఉంటే కేసు బాగా బలహీనపడుతుంది.

ఫేస్‌బుక్ జోలికి మాత్రం అస్సలు వెళ్లొద్దు. భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్ కింద పరువునష్టం కేసు పెడితే ముద్దాయి మీరే. నిజం రాశానంటే సరిపోదు, ప్రజాహితం కోసమే రాశానని కూడా మీరే రుజువు చేయాలి. పోటీ క్లినిక్ నడిపే మీకు అది ఎంత కష్టమో ఆలోచించండి.

ఇక మీ రెన్యువల్. ఇంత నిర్లక్ష్యమా? ఆయన లాయరు మొదట తీసేది మీ ఫైలే. 13వ సెక్షన్ మీ మీదకే తిప్పుతాడు. ఫిర్యాదు కంటే ముందు ఆ పని చూడండి.

డబ్బు కట్టి రిపోర్టు తీసుకున్న తల్లిదండ్రులు రెండేళ్లలోగా జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు, మోసం కింద పోలీసు ఫిర్యాదూ ఇవ్వవచ్చు. ఆ దారులు వాళ్లవి, మీవి కావు. రెన్యువల్ చేతికొచ్చేదాకా మీరూ ఏ రిపోర్టు మీదా సంతకం పెట్టకండి.