పక్కగాలిలో చక్రాలు తాకినా స్టిక్ వదలొద్దు

ప్రశ్న: ఫ్లైట్ సిమ్యులేటర్‌లో బ్యారన్ 58 అనే రెండు ఇంజన్ల చిన్న విమానం నడుపుతున్నాను. రన్‌వే 27 మీద, 220 డిగ్రీల నుంచి 25 నాట్ల గాలి పెడితే టేకాఫ్‌లో ముక్కు ఎడమకు లాగేస్తోంది. దిగేటప్పుడు రడ్డర్‌తో (ముక్కును పక్కకు తిప్పే తోక పలక) ముక్కు సరిచేయగానే విమానం కుడివైపు గడ్డిలోకి కొట్టుకుపోతోంది. నాది ట్విస్ట్ జాయ్‌స్టిక్, స్టిక్‌నే మెలితిప్పితే రడ్డర్ కదులుతుంది. ఏం చేయాలండీ?

జవాబు: ముందు సెట్టింగ్స్‌లో ఆటో రడ్డర్ ఆన్‌లో ఉందేమో చూడండి. ఉంటే తీసేయండి. అది ఉన్నంతసేపూ స్టిక్ ఎడమకు వంచితే రడ్డర్ కూడా ఎడమకే పోతుంది. పక్కగాలిలో దిగేటప్పుడు మనకు కావలసింది దానికి సరిగ్గా ఉల్టా.

గాలి లెక్కకు వస్తే, రన్‌వే 27 అంటే 270 డిగ్రీల దిశ. రన్‌వేకీ గాలికీ మధ్య 50 డిగ్రీలు ఉంది కాబట్టి 25 నాట్లలో అడ్డంగా తగిలేది దాదాపు 19. బ్యారన్ 58ని పరీక్షల్లో 22 నాట్ల పక్కగాలి దాకా దింపి చూపించారు. అంటే మీరు విమానాన్ని అడుగుతున్నది దాని శక్తికి మించిన పనేం కాదు.

టేకాఫ్‌లో మీ బండికి రెండు కష్టాలు ఒకేసారి వస్తున్నాయి. బ్యారన్ ప్రొపెల్లర్లు రెండూ ఒకే వైపు తిరుగుతాయి, అందుకే ఫుల్ పవర్‌లో ముక్కు ఎలాగూ ఎడమకు పోవాలని చూస్తుంది. ఎడమ నుంచి వచ్చే గాలి దానికి తోడవుతుంది. స్టిక్ పూర్తిగా ఎడమకు వంచి పరుగు మొదలుపెట్టండి, వేగం పెరిగేకొద్దీ తగ్గించుకుంటూ రండి. ముక్కును కుడి రడ్డర్‌తో నిలపండి. థ్రాటిల్ లీవర్లు రెండు విడిగా ఉంటే మొదట్లో ఎడమది కాస్త ముందుంచండి, రడ్డర్ పట్టు దొరకగానే రెండూ సమానం చేసేయండి.

అసలు చిక్కు దిగడంలోనే ఉంది. 95 నాట్లతో వస్తుంటే 19 నాట్ల అడ్డగాలికి ముక్కు ఎడమకు 11, 12 డిగ్రీలు తిరిగి ఉంటుంది. ఫ్లేర్‌లో, అంటే నేల తాకే ముందు ముక్కు కాస్త పైకెత్తేటప్పుడు, స్టిక్ కుడికి మెలితిప్పి రడ్డర్‌తో దాన్ని సరిచేస్తారు, అంతవరకు బాగానే ఉంది. కానీ ఆ క్షణంలో ఎడమ రెక్క వేగం పుంజుకుని పైకి లేస్తుంది, గాలి విమానాన్ని కుడికి నెట్టేస్తుంది. మీరు గడ్డిలోకి పోతున్నది ఇందుకే. రడ్డర్ కదిలిన క్షణంలోనే ఎయిలరాన్ (స్టిక్ పక్కకు వంచితే కదిలే రెక్క పలక) ఎడమకు పడాలి. ఎడమ రెక్క కొద్దిగా వాలితే ముందు ఎడమ చక్రం తాకుతుంది, తర్వాత కుడిది, చివరికి ముక్కు చక్రం.

తాకగానే చాలామంది హమ్మయ్య అని స్టిక్ మధ్యకు తెచ్చేస్తారు. వేగం తగ్గేకొద్దీ ఎయిలరాన్ పట్టు కూడా తగ్గుతుంది కదా, అందుకే స్టిక్ ఇంకా ఇంకా ఎడమకు వెళ్లాలి. విమానం టాక్సీ వేగానికి, అంటే నేల మీద నెమ్మదిగా నడిచే వేగానికి వచ్చేసరికి అది పూర్తిగా ఎడమ అంచున ఉండాలి.

దీనికి నేను అందరికీ చెప్పే అభ్యాసం ఒకటుంది. కుదుపులు లేని 10 నాట్ల పక్కగాలి పెట్టుకుని, దిగకుండా రన్‌వే మీద కొన్ని అడుగుల ఎత్తులో చివరిదాకా ఎగరండి. రెక్క వాలుతో మధ్యగీత మీద ఉండండి, రడ్డర్‌తో ముక్కును గీత వెంబడి పెట్టండి. స్టిక్ వంచడం, మెలితిప్పడం రెండూ విడివిడిగా చేయగలుగుతున్నారని నమ్మకం కుదిరాక గాలిని 15కి, తర్వాత 19కి పెంచండి. ఈదురుగాలుల జోలికి అప్పటిదాకా పోవద్దు.