పున్నం నాడు మనసు నిమ్మళం

సందేహం: అయ్యా, మా కోడలు ప్రతి పౌర్ణమికి డాబా మీద కూర్చుని, ఫోన్లో ఎవరో చెబుతుంటే కళ్లు మూసుకుని ధ్యానం చేస్తుంది. ‘ఫుల్ మూన్ ఎమోషనల్ హీలింగ్’ అట. ఇప్పుడు మా కాలనీలోనే పెడుతున్నామని కరపత్రం పంచారు. పైన ‘పౌర్ణమి భావోద్వేగ స్వస్థత’ అని ఉంది, మధ్యలో పౌర్ణిమ, చివర పూర్ణిమ. మా అమ్మ ‘పున్నం’ అనేది. వీటిలో ఏది ఒప్పు? అసలు జ్యోతిషంలో ఈ హీలింగ్ ఉందా?
– మిర్యాలగూడ నుంచి ఒక పాఠకురాలు

సమాధానం: అమ్మా, మీ అమ్మగారి మాట దగ్గరే మొదలుపెడతాను. కరపత్రం ఎక్కడికీ పోదు.

సంస్కృతంలో రేఫ, అంటే ‘ర్’, ఇంకో హల్లు నెత్తిన కూర్చుంటే ఆనాటి జనం భాష ప్రాకృతం ఊరుకోదు. రేఫను దించేసి, ఉన్న హల్లును రెట్టిస్తుంది. పూర్ణిమ అలాగే పుణ్ణిమ అయింది. ఆ పుణ్ణిమే మన దగ్గర పున్నమ, పున్నమి. నల్లగొండ, పాలమూరు పల్లెల్లో పున్నం. ఇది పలకలేక పాడుచేసిన మాట కాదు. పర్వం పబ్బమైన దారిలో, వర్ణం వన్నె అయిన దారిలో, చూర్ణం సున్నమైన దారిలో నడిచి వచ్చిన మాట. గోడకు సున్నం వేయించి ‘చూర్ణం వేయించాం’ అనేవాళ్లు లేరు కదా! పున్నం అనడానికి మాత్రం చదువుకున్నవాళ్లకు నామోషీ. రాఖీ పున్నం, మాఘ పున్నం అని తల్లులు అన్నారు. పిల్లలు ‘రాఖీ పూర్ణిమ శుభాకాంక్షలు’ అని మెసేజ్ పెడుతున్నారు. అరుదుగా కనిపించే చుట్టాన్ని మాత్రం ఇప్పటికీ ‘అమాసకో పున్నానికో వస్తడు’ అనే అంటాం. అక్కడ పూర్ణిమ పెట్టి చూడండి, వాక్యం నవ్వులపాలవుతుంది.

ఇక పౌర్ణమి. అమరకోశం అనే సంస్కృత నిఘంటువు రాసిన అమరసింహుడు ‘పౌర్ణమాసీ తు పూర్ణిమా’ అన్నాడు. మాస్ అంటే చంద్రుడు, నిండు చంద్రుడున్న తిథి పౌర్ణమాసి. తెలుగువాళ్ల నోట నలిగి స్థిరపడ్డది పౌర్ణమి. పౌర్ణిమ అని మరాఠీవాళ్లు అంటారు, కాబట్టి తప్పని కొట్టేయను. కానీ ఒకే కాగితం మీద మూడు రూపాలు వేసిన ప్రూఫ్‌రీడర్‌ను మెచ్చుకోను.

అమరుడు అక్కడితో ఆగలేదు. ఒక కళ తక్కువైతే ఆ పున్నమి ‘అనుమతి’, పూర్తిగా నిండితే ‘రాకా’ అన్నాడు. ‘రాకా’ అనగానే నా మనసు వసుచరిత్ర ప్రబంధం మీదికి పోతుంది. భట్టుమూర్తి అని కూడా పిలిచే రామరాజభూషణుడి కావ్యం అది. అందులో నాయిక గిరిక విరహంతో కుమిలిపోతూ ఉంటుంది. బయట పిండారబోసినట్టు వెన్నెల. మీ కరపత్రం లెక్కన ఆమెకు ఆ రాత్రి హాయిగా ఉండాలి. కవి ఏమన్నాడో చూడండి:

ఆ జాబిల్లి వెలుంగు వెల్లికలఁ డాయన్ లేక రాకానిశా
రాజశ్రీసఖమైన మోమునఁ బటాగ్రం బొత్తి యెల్గెత్తి...

వెన్నెల వరదలా మీదికొస్తుంటే దాని దరికి పోలేకపోయింది. పున్నమి రేడు సొగసుకు చెలికత్తె లాంటి ముఖానికి కొంగు చివర అదుముకుని గొంతెత్తి ఏడ్చింది. ఆ ఏడుపు కూడా కిన్నర స్త్రీలు వీణ మీద కాంభోజి రాగం మేళవించినట్టు ఉందట. ఏడిపిస్తున్నవాడు చంద్రుడు, ఏడుస్తున్న ముఖం చంద్రుడికి జోడు! అందులోనూ జాబిల్లి అనే అచ్చతెలుగు పిలుపుతో ఎత్తుకుని, ఊపిరి తిరగకుండా ‘రాకానిశారాజశ్రీసఖ’ అనే సమాసంలోకి దూకుతాడు. మొదటిది ఇంటి మాట, రెండోది కొలువుకూటం మాట. ఈ రెండూ ఒకే పాదంలో పక్కపక్కన కూర్చుని కొట్టుకోకపోవడం భట్టుమూర్తికే చెల్లింది. అల్లసాని పెద్దన అటూ ఇటూ ఏడ్చాడనీ, ముక్కు తిమ్మన ముద్దుముద్దుగా ఏడ్చాడనీ, భట్టుమూర్తి బావురుమన్నాడనీ తెనాలి రామకృష్ణుడు వెక్కిరించినట్టు కథ చెప్తారు. వెక్కిరింపు అటుంచండి. మన ప్రబంధాల్లో వెన్నెల మందు కాదు, మంట. విరహిణి చేత చంద్రుణ్ణి తిట్టించడానికి చంద్రోపాలంభనం అని ప్రత్యేకంగా ఒక ఘట్టమే ఉంది. కడుపులో దాచుకున్నది ఏడ్చి దింపుకోవడమే హీలింగ్ అంటారా, అయితే గిరిక మీ కోడలి కన్నా నాలుగు వందల ఏళ్లు ముందుంది.

జ్యోతిషం సంగతి. చంద్రుడు మనఃకారకుడు, అంటే మనసును నడిపేవాడు; సూర్యుడు ఆత్మకారకుడు. ‘చంద్రమా మనసో జాతః’ అని వేదంలోని పురుషసూక్తం, విరాట్పురుషుడి మనసులోంచి చంద్రుడు పుట్టాడని. తిథికి 12 డిగ్రీల చొప్పున సూర్యుడికి దూరమవుతూ పోయిన చంద్రుడు పున్నమి ముగిసేసరికి 180 డిగ్రీల ఎడంలో ఉంటాడు. ఆత్మ, మనసు ఎదురెదురుగా నిలబడ్డాయని ఇప్పటివాళ్లు చెప్పే వ్యాఖ్యానానికి ఆధారం ఇదే. వినడానికి బాగుంటుంది. మన గ్రంథాలు నిండు చంద్రుణ్ణి శుభుడిగా, క్షీణచంద్రుణ్ణి పాపిగా లెక్కగడతాయి. పున్నమి నాడు వ్రతం చేయమంటాయి. ‘పాత బాధల్ని ఈ రాత్రి వదిలేయండి’ అనడం మాత్రం పడమటి జ్యోతిషం ధోరణి. తమాషా ఏమిటంటే, పిచ్చివాణ్ణి ఇంగ్లీషులో లూనటిక్ అన్నదీ ఆ పడమటివాళ్లే, చంద్రుడి లాటిన్ పేరు లూనా మీద. మన ఊళ్లలోనూ అమాసకు, పున్నానికి పిచ్చి ఎక్కువవుతుందన్న నమ్మకం ఉంది.

ఇంకో మాట. మన జిల్లాలో మనసు చెదిరినవాళ్లను, గాలి సోకిందనుకున్నవాళ్లను తీసుకుపోయి నిద్ర చేయించేది చెర్వుగట్టు మీద. అదీ పున్నానికి కాదు, అమాసకు. అమావాస్య రాత్రి జడల రామలింగేశ్వరుడి గట్టు కింద జనం చాపలు పరుచుకుని పడుకుని ఉంటారు. పున్నానికి పోయేది పాలమూరు దగ్గరి మన్యంకొండ రథానికి, మాఘంలో. చైత్ర పున్నానికైతే నల్లమలలో సలేశ్వరం. బండల మధ్య ఇరుకు దారిలో ఒకరి వెనక ఒకరు ‘వస్తున్నం లింగమయ్యా’ అని అరుచుకుంటూ దిగుతారు, చివరికి గుండం దగ్గర నెత్తి మీద జలపాతం పడుతుంది. దీన్ని ఏ జాతకం కింద రాసుకోవాలో నాకు తోచదు.

ఇప్పుడు కరపత్రం. ఎమోషన్‌కు భావోద్వేగం అని పత్రికలు పెట్టాయి, సరే. కానీ ఉద్వేగం అంటే అలజడి. గీతలో ‘అనుద్వేగకరం వాక్యం’ అంటే ఎదుటివాణ్ణి కలత పెట్టని మాట. కాబట్టి భావోద్వేగ స్వస్థత అంటే అలజడికి ఆరోగ్యం బాగుండటం! అలజడి పోవాలా, నిక్షేపంగా ఉండాలా? స్వస్థత ఒక్కటీ చాలు. ఆయుర్వేద ఆచార్యుడు సుశ్రుతుడు స్వస్థుడికి చెప్పిన లక్షణంలోనే ఆత్మ, ఇంద్రియాలు, మనసు ప్రసన్నంగా ఉండాలని ఉంది.

అంతకన్నా మంచి మాట మీ నోట్లోనే ఉంది. కొడుకు పట్నం నుంచి క్షేమంగా చేరానని ఫోన్ చేశాక మీరేమంటారు? ‘ఇప్పుడు మనసు నిమ్మళమైంది’ అంటారు. ఆ నిమ్మళం నిర్మలమే. పూర్ణిమను పున్నమ చేసినట్టే నిర్మలంలోని రేఫనూ ప్రాకృతం దించి ‘మ’ను రెట్టించింది. లకారం ళకారమైంది, అంతే. తేట అనే అర్థం నుంచి కుదుట, నెమ్మది అనే అర్థాలకు వచ్చింది. ‘నిమ్మళంగ ఉన్నవా?’ అని పలకరించే ఊళ్లలో భావోద్వేగ స్వస్థత అని అచ్చు వేయించారంటే, చెప్పేదేముంది!

పత్రికలవాళ్లకూ కాస్త తలంటాలి. జూన్ వస్తే చాలు ‘నేడు స్ట్రాబెర్రీ మూన్’ అని వార్త. అది అమెరికాలో ఆ పండ్లు కోసే కాలానికి పెట్టుకున్న పేరు. మనకు జ్యేష్ఠంలో వచ్చేది ఏరువాక పున్నమి. ఎద్దులను కడిగి, కొమ్ములకు రంగులు పూసే పండుగను వదిలి, మన చేలల్లో అంతగా కనిపించని పండు పేరు దేనికి? ఏప్రిల్ నాటి ‘పింక్ మూన్’ను గులాబీ చంద్రుడని తర్జుమా చేసినవాళ్లూ ఉన్నారు. పాపం, పాఠకులు డాబా ఎక్కి ఆ రంగు కోసం వెతుక్కుని ఉంటారు. అది అక్కడ పూసే ఒక పువ్వు రంగు, చంద్రుడిది కాదు.

తీర్పు అడిగారు కాబట్టి: పంచాంగంలో, పూజ సంకల్పంలో పూర్ణిమ, పౌర్ణమాసి, రాతలో పౌర్ణమి గానీ పున్నమి గానీ, మాటలో పున్నం. కరపత్రానికి ‘పున్నమి వెన్నెల్లో మనసు నిమ్మళం’ అని నేనైతే పెడతాను. నిర్వాహకులకు అది మరీ ఊరి మాటలా అనిపిస్తే ‘మనశ్శాంతి’ అన్నా నాకు అభ్యంతరం లేదు. మీ కోడలు డాబా మీద కూర్చోవడంలోనూ తప్పేమీ లేదు. నిద్ర పట్టనంత టెన్షన్ అయితే మాత్రం పున్నం కోసం ఆగకుండా డాక్టర్‌కు చూపించండి.