పాత బొలెరో పికప్‌కి సెకండ్ హ్యాండ్ ఇంజను: ఏది సరిపోతుంది?

ఆకివీడు వైపు చేపల ట్రేలు తోలే పాత డీఐ (డైరెక్ట్ ఇంజెక్షన్ డీజిల్) పికప్ ఇంజను పట్టేసింది, ఏ బొలెరో ఇంజనైనా కూర్చుంటుందా అని అడిగారు. కూర్చోదండి.

2523 సీసీ అని చెబితే చాలదు. అదే సీసీలో మామూలు పంపుతో నడిచే డీఐ ఉంది, కంప్యూటర్ అదుపులో డీజిల్ చిమ్మే కామన్ రైల్ రకం ఎం2డీఐసీఆర్ కూడా ఉంది. రెండోది పెట్టాలంటే ఈసీయూ (ఇంజను కంప్యూటర్), వైరింగ్, సెన్సర్లు అన్నీ ఆ ఇంజను తీసిన బండివే రావాలి. ఆ ఖర్చు కన్నా మీ ఇంజనుకే బోరింగ్ (అరిగిన సిలిండర్లను మళ్లీ కోయించడం) చేయించుకోవడం నయం, బ్లాకు పగలకపోతే. బ్లాకు నంబరు ఫోటో, ఆర్సీ పట్టుకుని విజయవాడ ఆటోనగర్ వెళ్లండి. ఫ్లైవీల్, మౌంటింగులు మీవాటి పక్కన పెట్టి చూడండి.

చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేయించి ఆయిల్ మూత తీయండి. పొగ ఎగదన్నితే పిస్టన్ రింగులు అరిగినట్టే. ఉప్పునీటి చెరువుగట్ల మీద తిరిగిన బండిదైతే సంపు (ఇంజను కింది ఆయిల్ తొట్టి) అడుగున తుప్పు చూడాలి. కొత్తగా రంగేసిన ఇంజనంటే నాకు అనుమానమే.

బిల్లు, ఆ ఇంజను తాలూకు ఆర్సీ జిరాక్సు తీసుకోండి. ఆర్టీవో అనుమతి ముందే అడగడం మంచిది. లేకుండా మార్చేస్తే 14 రోజుల్లోపు తెలియజేసి ఆర్సీలో నంబరు మార్పించుకోవాలి.