అనంతపురం లాంటి కరువు ప్రాంతంలో 50 మేకలతో షెడ్డు వేస్తే గిట్టుతుందా? ముందు ముందు దీనికి రోజులున్నాయా?

రోజులున్నాయి. మాంసానికి గిరాకీ తగ్గే సూచన లేదు. కానీ షెడ్డుతో మొదలుపెట్టకండి, మేతతో మొదలుపెట్టండి.

ఏడాదికి 550 మి.మీ. వాన పడే నేల మేకకు కొత్త కాదు. తుమ్మకాయ, రేగాకు, వేపమండ దొరికితే ఎండాకాలం ఈదేస్తుంది. దెబ్బ తగిలేది తొలకరిలో. రెండు వానలకు లేత గడ్డి మొలవగానే, నెలల తరబడి ఎండుమేత తిన్న మంద దాని మీద పడుతుంది. మర్నాడు పొద్దున దొడ్డి తలుపు తీస్తే, పిల్లల్లో బాగా ఒళ్లు చేసినదే మెడ వెనక్కి విరుచుకుని పడి ఉంటుంది, పక్కన మట్టిలో కాళ్లు కొట్టుకున్న చారలు. పాము కరిచిందంటారు. అది చిటుకు రోగం. పేగులో ఉండే సూక్ష్మజీవి ఒక్కసారిగా పెరిగి విషం కక్కుతుంది, వైద్యానికి వ్యవధే ఉండదు. అందుకే టీకా మేలోనే పూర్తవ్వాలి. మొదటిసారి వేయించే వాటికి రెండు మూడు వారాల్లో రెండో డోసు తప్పదు. చాలామంది వదిలేసేది దీన్నే. తొలకరి రోజుల్లో కాస్త ఎండుమేత తినిపించాకే మందను బయటికి వదలండి. వాన వెనక్కిపోయి వాడిన జొన్న పిలకల వైపు అసలు పోనివ్వకండి, నాము (వాడిన జొన్నలో పుట్టే సైనైడ్ విషం) ఎక్కుతుంది.

నట్టల మందు బరువు తూచి పోయాలి. కొన్ని మందులు గొర్రె డోసులో మేకకు చాలవు, డాక్టరును అడిగి పోయండి.

ఇక మేత లెక్క. ఫిబ్రవరి నుంచి మే దాకా 120 రోజులు, మేకకు రోజుకు కిలో చొప్పున 50 మేకలకు 6 టన్నుల వేరుశనగ కట్టె కావాలి. పంట నూర్చిన వెంటనే కొని, తడి తగలకుండా వామి వేయండి. బూజు పట్టింది పెట్టొద్దు. గట్ల మీద సుబాబుల్ ఏడాది ముందే నాటండి, కానీ మేతలో మూడో వంతు దాటనివ్వకండి. మేపే బీళ్లు ఏటా తగ్గిపోతున్నాయి. సోలార్ పలకల కింద పోయిన నేల చాలాచోట్ల మళ్లీ మంద మొహం చూడదు. ఇకపై సొంత మేత ఉన్నవాడిదే మంద.

వీడియోల్లో చూసి జమునాపారి అనే ఉత్తరాది జాతి మేకల కోసం పరుగెత్తకండి. ఈ ఎండకు, ఈ ముళ్లకంపకు అలవాటైన నాటు మేకలను ఇరుగు పొరుగు మందల్లోంచి ఏరుకోండి. సంతలో కొంటే రోగం కూడా వెంట వస్తుంది, మూడు వారాలు విడిగా కట్టేయాలి. 25 మేకలకు ఒక పోతు, రెండేళ్లకోసారి మార్చాలి, లేకపోతే దాని కూతుళ్లకే అది కట్టి పిల్లలు గిడసబారతాయి.

అమ్మేటప్పుడు చూపు బేరం ఒప్పుకోకండి. అక్కడే రైతు ఏళ్లుగా మోసపోతున్నాడు. ఒక వేలాడే కాటా కొని, దొడ్డి దగ్గరే తూచి, కిలో లెక్కన మాట్లాడండి.